వయసు తిన్నదెంత, కుర్చీ తిన్నదెంత

1966లో అమెరికాలోని డాలస్ నగరంలో అయిదుగురు కుర్రాళ్లు ఒక ప్రయోగానికి ఒప్పుకున్నారు. అందరికీ ఇరవయ్యేళ్లు. ఒంట్లో ఏ జబ్బూ లేదు. వాళ్లు చెయ్యాల్సిందల్లా మూడు వారాలపాటు మంచం దిగకుండా పడుకోవడం. ఆ వయసులో అంతకన్నా సుఖమైన ఉద్యోగం ఎవరికి దొరుకుతుంది! మూడు వారాలయ్యాక లేపి, ఇక చాలు మొర్రో అనేదాకా పరుగు పెట్టించి, ఊపిరిని కొలిచారు. ఒళ్లు పూర్తిగా అలిసిపోయే క్షణంలో నిమిషానికి ఎన్ని లీటర్ల ఆక్సిజన్ వాడుకోగలుగుతున్నామన్నదే, మనం వాడుకగా 'దమ్ము' అనేదానికి ప్రయోగశాల కొలత. పడుకోబోయే ముందు సగటున 3.3 లీటర్లున్న దమ్ము 2.4 లీటర్లకు పడిపోయింది. నాలుగో వంతుకు పైగా గల్లంతు. ఆ తర్వాత రెండు నెలలు గట్టిగా తర్ఫీదిస్తే కోలుకుని మొదటికన్నా పైకే వెళ్లారు.

గుండెపోటు వచ్చినవాళ్లని వారాల తరబడి మంచానికి అంటగట్టే ఆనాటి వైద్యపద్ధతి మారడానికి ఈ ప్రయోగం కూడా ఒక కారణం. అయితే అసలు విశేషం ముప్పయ్యేళ్ల తర్వాత బయటపడింది. 1996లో అదే అయిదుగురినీ మళ్లీ పిలిపించారు. అందరికీ యాభై వచ్చాయి. పొట్టలు కూడా వచ్చాయి. సగటు బరువు 77 కిలోల నుంచి 100 కిలోలకు చేరింది, ఒంట్లో కొవ్వు 14 శాతం నుంచి 28 శాతానికి పెరిగింది. దమ్ము కొలిస్తే 2.9 లీటర్లు. ముప్పయ్యేళ్ల వయసు వాళ్ల దగ్గర కాజేసిందానికన్నా మూడు వారాల మంచం కాజేసిందే ఎక్కువ!

అప్పుడు వాళ్లకి ఆరు నెలలు వ్యాయామం పెట్టారు. నడక, మెల్లటి పరుగు, సైకిలు. క్రమంగా మోతాదు పెంచుకుంటూ పోయారు. ఆరు నెలల చివర దమ్ము మళ్లీ 3.3 లీటర్లకు, అంటే ఇరవయ్యేళ్లప్పుడు పడుకోబోయే ముందున్న చోటికి వచ్చింది. ఇరవయ్యేళ్లప్పుడు తర్ఫీదు తర్వాత ఎక్కిన శిఖరాన్ని మాత్రం యాభైలో ఎవరూ అందుకోలేదు. పెరుగుదల కూడా గుండె దగ్గర కాదు, కండరాల దగ్గర జరిగింది. గుండె పంపే రక్తం పెద్దగా పెరగలేదు, ఆ రక్తంలోంచి ఆక్సిజన్ని పిండుకునే నేర్పు కండరాలకు పెరిగింది. కనుక వయసు వాటా నిజంగానే ఉంది. అయిదుగురి మీద చేసిన ప్రయోగాన్ని పట్టుకుని లోకం మొత్తానికి సూత్రాలు కట్టకూడదన్నది కూడా నిజమే. అయినా తర్వాత వచ్చిన పెద్ద పెద్ద పరిశీలనలేవీ దీన్ని తోసిపుచ్చలేదు. కూర్చుని బతికేవాళ్లకి ముప్పై దాటాక పదేళ్లకు సుమారు 10 శాతం చొప్పున దమ్ము తగ్గుతుంది, కసరత్తు మానకుండా వచ్చినవాళ్లలో దాదాపు సగమే తగ్గుతుంది.

మన ఇళ్లలో వ్యాయామం ప్రసక్తి వస్తే రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి "వయసైపోయింది", రెండోది "ఆడదాన్ని, నాకెందుకివన్నీ". రెండూ పూర్తిగా అబద్ధాలు కావు. పుట్టిన తేదీకీ, ఆడా మగా తేడాకీ కండరం మీద హక్కు ఉంది. కాకపోతే ఆ రెండింటి పద్దులో మనం రాసేసిన నష్టంలో చాలా భాగం నిజానికి కుర్చీది.

మొదట గుండె సంగతి చూద్దాం, ఇది త్వరగా తేలిపోతుంది. గుండె నిమిషానికి గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకోగలదన్నది వయసుతో తగ్గుతుంది. వ్యాయామంతో దీన్ని ఆపలేం. 220లోంచి వయసు తీసేస్తే వచ్చే అంకెను చాలా జిమ్ముల్లో గోడకి తగిలిస్తారు. అది ఎవరో పద్ధతిగా కొలిచి తేల్చింది కాదు, 1970ల మొదట్లో అందుబాటులో ఉన్న అంకెల మధ్య కంటిచూపుతో గీసిన గీత. 2001లో వందలాది పరిశోధనల్ని కలిపి చూసినవాళ్లు 208లోంచి వయసులో పదింట ఏడు వంతులు తీసెయ్యమన్నారు. డెబ్భయ్యేళ్లాయనకి మొదటి లెక్క ప్రకారం 150 వస్తే, రెండో లెక్క ప్రకారం 159. పాత లెక్క పెద్దవాళ్లని అవసరమైనదానికన్నా ముందే ఆపేస్తుందన్నమాట. ఏ లెక్కయినా సగటే. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లకి రెండూ పనికిరావు. వాళ్లు గోడమీది అంకెని వదిలేసి, నడుస్తూ మాట్లాడగలుగుతున్నామా లేదా అన్నది చూసుకుంటే చాలు.

ఫ్రాన్సులో రాబెర్ మార్షాన్ అనే ముసలాయన నూరేళ్ల వయసులో, 2012లో, గంటసేపు సైకిలు తొక్కి 24.25 కిలోమీటర్లు వెళ్లాడు. రెండేళ్ల తర్వాత మళ్లీ తొక్కితే 26.927 కిలోమీటర్లు వచ్చింది. ఈ రెండింటి మధ్యా వెరోనిక్ బియా అనే శాస్త్రజ్ఞురాలు ఆయనకి తర్ఫీదు ప్రణాళిక రాసింది: అయిదింట నాలుగు వంతులు తేలిగ్గా, మిగిలిన ఒక వంతు కష్టంగా. ఆయన దమ్ము 13 శాతం పెరిగింది. ఇలాంటివాళ్లు కోటికొక్కరు, వాళ్లని చూపించి మన తాతగార్ని సాధించకూడదు. కానీ నూరు దాటిన ఒంటిలో కూడా తర్ఫీదుకి స్పందించే గుణం చచ్చిపోదని చూపడానికి ఒక్కరు చాలు.

ఇక కండరం. ఇక్కడ కొంచెం తాపీగా నిలబడాలి.

తొడ కండరాన్ని దగ్గర్నుంచి చూస్తే వెంట్రుక మందాన ఉండే తంతువులు లక్షల్లో కనిపిస్తాయి. అవి ముఖ్యంగా రెండు రకాలు. నిదానంగా బిగుసుకుని, గంటల తరబడి అలవకుండా పనిచేసేవి ఒక రకం. నిలబడ్డానికీ నడవడానికీ ఇవి చాలు. రెండో రకం చటుక్కున, బలంగా బిగుసుకుని తొందరగా అలిసిపోతాయి. బస్సు కోసం పరిగెత్తడానికీ, గ్యాసు సిలిండరు ఎత్తడానికీ ఇవి కావాలి. ఏ తంతువూ తనంతట తాను కదలదు. వెన్నుపాములో ఉండే ఒక్కో నాడీకణం తన కింద వందలాది తంతువుల్ని పెట్టుకుని వాటికి ఉత్తర్వులిస్తూ ఉంటుంది.

అరవై దాటాక ఈ నాడీకణాలు ఒక్కొక్కటే రాలిపోతాయి. దాని కిందున్న తంతువులు దిక్కులేనివవుతాయి. అప్పుడు పక్కనున్న నాడీకణం కొత్త కొమ్మ వేసి వాటిలో కొన్నింటిని తన కిందికి తెచ్చుకుంటుంది. మన పల్లెల్లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే లైన్‌మన్ ఆ వీధిని పక్క ట్రాన్స్‌ఫార్మర్‌కి కలిపేస్తాడే, అలాగ. దీపాలు వెలుగుతాయిగానీ మోటారు వేస్తే లోడు లాగదు. తెచ్చుకున్న నాడీకణం చాలాసార్లు నిదానం రకందే కావడంతో, వేగంగా పనిచేసిన తంతువు కూడా దాని కిందికి వచ్చాక నిదానం పాఠమే నేర్చుకుంటుంది. ఏ నాడీకణమూ అందుకోని తంతువులు ఎండిపోతాయి, ఆ ఖాళీల్లోకి కొవ్వూ, పీచు కణజాలమూ చేరతాయి. అందుకే పెద్దవాళ్ల కాలి చుట్టుకొలత చూసి బలాన్ని అంచనా వెయ్యలేం. డెబ్భైల్లో ఉన్నవాళ్లని ఏళ్ల తరబడి కొలిచిన ఒక అమెరికన్ పరిశీలనలో, కండ తగ్గిన వేగానికి దాదాపు మూడు రెట్ల వేగంతో బలం తగ్గింది. తూకం మిషను మీద బరువు మారలేదని నిశ్చింతగా ఉండేవాళ్లు గమనించాల్సిన సంగతి ఇది.

బలంకన్నా ముందే జారిపోయేది చురుకు, అంటే బలాన్ని తటాలున వాడగల శక్తి. గడప తట్టుకున్న మనిషిని తలుచుకోండి. పడకుండా నిలదొక్కుకోవాలంటే రెండో కాలు అర సెకను లోపల ముందుకు వచ్చి నేలమీద గట్టిగా ఆనాలి. మొత్తం మీద కాళ్లలో బలం ఎంతున్నా, అది రెండు సెకన్ల తర్వాత వస్తే లాభం లేదు. ఇరవయ్యేళ్లవాడు తూలి, తిట్టుకుని, ముందుకు పోతాడు. డెబ్భై అయిదేళ్లామె తుంటి ఎముక విరుగుతుంది. ఇద్దరి మధ్యా తేడా చాలావరకు ఆ చురుకైన తంతువుల్లోనే ఉంది. నడక ఎంత మంచిదైనా ఈ తంతువులకి పని చెప్పదు. నిదానం రకంతోనే సరిపోయే పని కాబట్టి రెండో రకం నిద్రపోతూనే ఉంటుంది. రోజూ పార్కులో గంట నడిచే రిటైరైన పెద్దమనిషి సోఫాలోంచి లేవడానికి చేతులు ఆనించడం వెనకున్న రహస్యం ఇదే. నడక మానమని నేననడం లేదు, నడక ఒక్కటే చాలనుకోవడంతోనే నాకు పేచీ.

మరి ఈ వేగ తంతువుల్ని లేపాలంటే? బరువు ఎత్తాలి. అదీ కాస్త కష్టమనిపించే బరువు.

ఈ మాట తొంభయ్యేళ్లవాళ్ల విషయంలో అన్నందుకు మారియా ఫియాటరోన్ అనే డాక్టరుని చూసి చాలామంది కనుబొమలు ఎగరేసి ఉంటారు. బోస్టన్‌లో వృద్ధుల ఆసుపత్రి ఒకదానిలో ఉంటున్న పదిమందిని ఆవిడ బృందం ఎంచుకుంది. వయసు 86 నుంచి 96. మన భాషలో కాటికి కాళ్లు చాచుకున్న వయసు. చాలామందికి రెండు మూడు జబ్బులు, చేతికర్ర లేనిదే అడుగు పడనివాళ్లు కొందరు. "కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చోక" అని మనం దీవించి వదిలేసేవాళ్లు. వాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి, కాలికి బరువు తగిలించి, మోకాలు చాపమన్నారు. వారానికి మూడుసార్లు. బరువు కూడా మొహమాటంగా పెట్టలేదు. ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే బరువెంతో చూసి, అందులో 80 శాతం పెట్టారు. రెండు వారాలకోసారి మళ్లీ కొలిచి, పెరిగిన బలానికి తగ్గట్టు పెంచారు.

ఎనిమిది వారాలకు వాళ్ల కాలిబలం సగటున 174 శాతం పెరిగింది. రెట్టింపు దాటి, మూడు రెట్లకు దగ్గరపడింది. తొడ కండరం 9 శాతం లావెక్కింది. ఇద్దరు చేతికర్ర వదిలేశారు. 1990లో ఇది అచ్చయింది. కండ 9 శాతమే పెరిగి బలం 174 శాతం ఎలా పెరిగిందన్న ప్రశ్న ఎవరికైనా రావాలి. జవాబు నాడుల్లో ఉంది. వాడక నిద్రపోయిన నాడీకణాలు మేలుకుని, ఒక్కుమ్మడిగా, త్వరత్వరగా ఉత్తర్వులు పంపడం మొదలుపెట్టాయి. మొదటి నెలా రెండు నెలల్లో వచ్చే బలంలో చాలా భాగం ఇలా వచ్చేదే, ఏ వయసువాళ్లకైనా. అద్దంలో ఏమీ కనిపించడం లేదని మూడో వారంలో జిమ్ము మానేసే కుర్రాళ్లు ఈ సంగతి తెలియకనే మానేస్తున్నారు.

1994లో అదే బృందం వందమంది మీద ఇంకా పకడ్బందీగా ప్రయోగం చేసింది. కొందరికి కసరత్తు, కొందరికి బలవర్ధకమైన పానీయం, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. కసరత్తు చేసినవాళ్ల బలం రెట్టింపైంది. పానీయం మాత్రమే తాగినవాళ్లకి ఒరిగిందేమీ లేదు. టీవీలో పెద్దవాళ్ల కోసమంటూ వచ్చే డబ్బా పొడుల ప్రకటనలు చూసినప్పుడల్లా నాకీ ఫలితం గుర్తొస్తుంది.

డాలస్ ప్రయోగంలో అయిదుగురూ మగవాళ్లేనన్నది గమనించారా? వ్యాయామశాస్త్రం చాలాకాలం అలాగే నడిచింది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి మొదటిసారి 800 మీటర్ల పరుగు పెడితే, గమ్యం దగ్గర కొందరు అలిసి నేలమీద కూలబడ్డారు. మగవాళ్లూ కూలబడతారు, అది పరుగు పందెం. పత్రికలు మాత్రం ఆడవాళ్లు సొమ్మసిల్లిపోయారంటూ చిలవలు పలవలుగా రాశాయి. ఆ పరుగుని మళ్లీ 1960 దాకా ఆడవాళ్లకి పెట్టలేదు. మారథాన్ 1984లో వచ్చింది. బరువులెత్తడం సిడ్నీలో, 2000లో. మగవాళ్లు 1896 నుంచీ ఎత్తుతున్నారు.

ఆ సిడ్నీలోనే శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో 110, 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆడా మగా బలాల తేడాని కొలవడానికి ఆ పోటీలు మనకి మంచి త్రాసు, ఎందుకంటే మగవాళ్లకి కూడా అప్పుడు 69 కిలోల తరగతి ఉంది. ఆడవాళ్లలో బంగారం 242.5 కిలోలకు వచ్చింది, మగవాళ్లలో బల్గేరియా వీరుడు గలాబిన్ బోయెవ్‌స్కీకి 357.5 కిలోలకు. ఒంటి బరువు ఒకటే. తర్ఫీదు ఇద్దరిదీ ప్రపంచస్థాయి. అయినా ఆడవాళ్ల మోత మగవాళ్ల మోతలో సుమారు 68 శాతం. వంద మీటర్ల పరుగులో ఇంత దూరం లేదు. ఉసేన్ బోల్ట్ 9.58 సెకన్లు, ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ 10.49, అంటే తొమ్మిదిన్నర శాతం తేడా. పని భుజాల మీద పడేకొద్దీ తేడా పెరుగుతుంది, కాళ్లమీద పడేకొద్దీ తగ్గుతుంది. మామూలు జనంలో కొలిచినా అంతే. నడుము పైభాగపు బలంలో ఆడవాళ్లు సగటున మగవాళ్లలో సగం దగ్గర ఉంటే, కాళ్ల బలంలో మూడింట రెండు వంతుల దాకా ఉంటారు.

ఈ తేడా పుట్టుకతో స్పష్టంగా కనిపించదు. పదేళ్ల లోపు ఆడపిల్లా మగపిల్లాడూ పోట్లాడుకుంటే ఎవరు గెలుస్తారో చెప్పలేం. ఈడు వచ్చాక మగపిల్లల ఒంట్లో టెస్టోస్టెరాన్ ఒక్కసారిగా ఎగబాకుతుంది, పెద్దయ్యాక ఆడవాళ్లకన్నా పది పదిహేను రెట్లు ఎక్కువగా నిలుస్తుంది. భుజాలు వెడల్పవుతాయి, కండ పేరుకుంటుంది, గుండె పెరుగుతుంది, రక్తంలో హిమోగ్లోబిన్ హెచ్చుతుంది. ఈ హార్మోను గీత ఎక్కడ గియ్యాలన్నదాని మీదే 2014లో ఒడిశా పరుగుపందెగత్తె ద్యుతీ చంద్‌ని పోటీలకు దూరం పెట్టారు. మరుసటి ఏడాది ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానంలో ఆ నిబంధనని నిలిపివేయించింది. ఆ తర్వాత హైదరాబాదులో తర్ఫీదై రియో ఒలింపిక్స్‌లో పరిగెత్తింది. ఒలింపిక్స్ స్థాయిలో ఆ చర్చ ఇప్పటికీ తెగలేదు. మన పెరట్లో దాని అవసరం లేదు.

మనకు కావాల్సిన సంగతి వేరే. ఒక చదరపు సెంటీమీటరు ఆడ కండరాన్నీ, ఒక చదరపు సెంటీమీటరు మగ కండరాన్నీ పక్కపక్కన పెడితే రెండింటి బలమూ దాదాపు ఒకటే. తేడా సరుకులో లేదు, పరిమాణంలో ఉంది. ఒకే రకం తర్ఫీదు ఇస్తే, మొదలుపెట్టిన చోటునుంచి లెక్కేస్తే, ఇద్దరికీ దాదాపు సమానమైన శాతంలోనే బలం పెరుగుతుంది. అలుపు విషయంలో ఆడవాళ్లదే పైచేయి. ఎవరి గరిష్ఠ బలంలో వారు అయిదో వంతు ఉపయోగిస్తూ చెయ్యి బిగబట్టి ఉంచమంటే సగటున ఆడవాళ్లే ఎక్కువసేపు ఉంచుతారు. వాళ్ల కండరాల్లో నిదానం రకం తంతువుల వాటా కొంచెం ఎక్కువ. కండ చిన్నది కనుక బిగుసుకున్నప్పుడు తన రక్తనాళాల్ని తాను తక్కువగా నొక్కుకుంటుంది. దూరాలు పెరిగేకొద్దీ కొవ్వుని ఇంధనంగా మండించుకోవడంలోనూ వాళ్లే మెరుగు.

"బరువులెత్తితే మగరాయుడిలా తయారవుతానేమో" అన్న భయం మన అమ్మాయిల్లో గట్టిగా ఉంది. నెలకి వేలు పోసి, పనిగట్టుకుని తిని, ఆరేసి నెలలు ఇనుముతో కుస్తీపట్టే కుర్రాళ్లని అడగండి, చొక్కా చేతులు బిగుతు కావడం ఎంత కష్టమో చెబుతారు. అంత టెస్టోస్టెరాన్ ఉన్నవాళ్లకే రానిది, అందులో పదో వంతు కూడా లేనివాళ్లకి అనుకోకుండా వచ్చేస్తుందా?

అలుపు గురించి ఇంకో మాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆక్సిజన్ని మోసే హిమోగ్లోబిన్నే తక్కువైతే, మెట్లెక్కితే ఆయాసం రావడానికి బద్ధకమో, స్త్రీత్వమో కారణం కాదు. ఇలాంటివాళ్లకి ట్రెడ్‌మిల్‌కన్నా ముందు రక్తపరీక్ష కావాలి.

వయసూ, ఆడా మగా తేడా, ఈ రెండూ కలిసే చోటే చిక్కంతా ఉంది. కుర్చీలోంచి లేవాలంటే ఒంటి బరువుకి తగ్గ కొంత కనీస బలం కావాలి. ఆ మెట్టు ఎవరికైనా మెట్టే. మగవాడు ఎత్తునుంచి దిగుతూ వస్తాడు కాబట్టి ఎనభైలో ఆ మెట్టుకి చేరితే, తక్కువ ఎత్తునుంచి బయల్దేరిన ఆడమనిషి అదే వేగంతో దిగినా డెబ్భైలోనే చేరుకుంటుంది. పైగా యాభై దగ్గర ముట్లు ఆగిపోయాక ఈస్ట్రోజెన్ పడిపోతుంది. ఆ తర్వాతి కొన్నేళ్లు ఎముక గబగబా పలచబడుతుంది, కండరమూ కొంత నష్టపోతుంది. ఆడవాళ్లు మగవాళ్లకన్నా ఎక్కువకాలం బతుకుతారు. ఆ ఎక్కువకాలం ఎవరి మీదో ఆధారపడి బతకడంగా మారేది ఇలాగే. బరువుల కసరత్తు ఎవరికి ఎక్కువ అవసరమని అడిగితే, జిమ్ములో అద్దం ముందు నిలబడ్డ పాతికేళ్ల కుర్రాడికి కాదు, యాభై అయిదేళ్ల వాళ్ల అమ్మకే అంటాను.

దేశంలో లెక్క మాత్రం తలకిందులుగా ఉంది. 2022 అంచనాల ప్రకారం భారతదేశంలో చాలినంత శారీరక శ్రమ లేని మగవాళ్లు 42 శాతమైతే, ఆడవాళ్లు 57 శాతం. "తెల్లారి లేచింది మొదలు ఇంటి చాకిరీ అంతా నాదే, ఇంకా వ్యాయామమా?" అని ఆవిడ అడిగితే తప్పు పట్టలేం. ఆ చాకిరీకి అలుపుంది, నడుంనొప్పి ఉంది. కానీ కండరానికి కొత్త బలం రావాలంటే నిన్నటికన్నా ఇవాళ కాస్త ఎక్కువ మొయ్యాలి, మోశాక కోలుకోవడానికి తిండీ విశ్రాంతీ ఉండాలి. ఇంటిపనిలో బరువు ఏళ్లకేళ్లు అంతే ఉంటుంది, విశ్రాంతి అసలే ఉండదు. రోజంతా వంగి నాట్లువేసే కూలి మనిషికి ఇది మరీ నిజం. ఆమెకి వ్యాయామం గురించి ఉపన్యాసం ఇవ్వడంకన్నా కడుపునిండా పప్పూ గుడ్డూ అందేలా చూడటమే వైద్యం.

మన ఇళ్లలో కుర్చీ దూరిన తీరు కూడా చెప్పుకోవాలి. రెండు తరాల కిందట తెలుగిల్లు నేలమీద నడిచింది. పీటమీద భోజనం, కత్తిపీట ముందు కూర తరగడం, రోటి దగ్గర పచ్చడి, గొంతుక్కూర్చుని అంట్లు తోమడం, మరుగుదొడ్డి సరేసరి. రోజుకి ఎన్నిసార్లు నేలనుంచి లేచేవాళ్లో ఎవరూ లెక్కపెట్టలేదు. ఒంటి బరువంతా తొడలమీద పడే కసరత్తు అది, దానికెవరూ ఆ పేరు పెట్టలేదు. ఇప్పుడు వంట నిలబడి, తిండి బల్లమీద, మరుగుదొడ్డి కుర్చీ ఎత్తున. మోకాళ్లరిగినవాళ్లకి ఆ కమోడ్ నిజంగా వరం, వాళ్లని మళ్లీ గొంతుక్కూర్చోమనడం క్రూరత్వం. మోకాళ్లు బాగున్న నలభయ్యేళ్లవాళ్లు కూడా నేలకి పూర్తిగా సెలవు చెప్పడమే నష్టం. బ్రెజిల్‌లో క్లాడియో గిల్ అరౌజో అనే వైద్యుడు 51 నుంచి 80 ఏళ్ల మధ్యనున్న రెండు వేలమందిని నేలమీద కూర్చుని లేవమన్నాడు. చెయ్యో మోకాలో ఆనించిన ప్రతిసారీ పదిలోంచి ఒక మార్కు తీసేశాడు. తక్కువ మార్కులు వచ్చినవాళ్లలో ఆ తర్వాతి ఏళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. లేవలేకపోవడమే చంపిందని కాదు, లేవలేకపోవడం లోపలి సత్తువ ఎంత మిగిలిందో బయటపెట్టింది. పిడికిలి పట్టు కూడా ఇలాంటి సాక్షే. మన దేశంతో కలిపి 17 దేశాల్లో సుమారు లక్షా నలభై వేలమందిని కొలిచి, 2015లో అచ్చువేసిన పరిశీలనలో పట్టు 5 కిలోలు తగ్గితే మరణాల ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది. ముప్పుని ముందే పసిగట్టడంలో బీపీ పై అంకెకన్నా పిడికిలే మెరుగ్గా నిలిచింది.

ఆసియా దేశాల నిపుణులు 2019లో కొన్ని హద్దులు పెట్టారు. పట్టు మగవాళ్లకి 28 కిలోలకు, ఆడవాళ్లకి 18 కిలోలకు తగ్గితే అనుమానించాలి. పట్టు కొలిచే పరికరం ఇంట్లో ఉండదు కనుక రెండో పరీక్ష చూడండి. చేతులు గుండెలమీద కట్టుకుని, మామూలు ఎత్తు కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకుమించి పడితే కాళ్లబలం తగ్గిందని అర్థం. పక్కన ఒక మనిషిని నిలబెట్టుకుని చెయ్యండి. ఈ పరీక్షే మందు కూడా. బడిలో మాస్టారు చెవులు పట్టించి తీయించిన గుంజీళ్లకి దీనికీ పెద్ద తేడా లేదు, కుర్చీ ఎత్తుదాకానే దిగుతాం, అంతే. పదిసార్లు తేలిగ్గా వస్తే చేతిలో రెండు లీటర్ల నీళ్ల సీసాలు పట్టుకోవాలి. అదీ తేలికైతే బరువు పెంచాలి. నెమ్మదిగా కూర్చోవాలి, చురుగ్గా లేవాలి. ఆ చురుకే వేగ తంతువుల్ని పిలుస్తుంది. ఊపిరి బిగబట్టకూడదు. బిగబడితే బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది. లేచేటప్పుడు గాలి వదిలితే సరి. గుండెజబ్బు ఉన్నవాళ్లు, ఈమధ్య ఆపరేషనైనవాళ్లు డాక్టర్ని అడిగి మొదలుపెట్టాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం రెండు రోజులు కండరాల కసరత్తు చెయ్యమంటుంది, 65 దాటినవాళ్లకి మూడు రోజులు ఒంటికాలి మీద నిలబడటంలాంటి తూకం నిలిపే సాధన కూడా కలపమంటుంది. తిండి సంగతికొస్తే, హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకి రోజుకి కిలో ఒంటి బరువుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు సిఫారసు చేస్తుంది. ముసలి కండరం తిన్నదానికి మందకొడిగా స్పందిస్తుంది కాబట్టి, అరవై అయిదు దాటినవాళ్లకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలని వృద్ధాప్య వైద్యంలో చాలామంది నిపుణులు అంటున్నారు. కిడ్నీజబ్బు ఉన్నవాళ్లకి ఈ మాట వర్తించదు. రాత్రిపూట రెండు ఇడ్లీలూ, మజ్జిగ చుక్కా వేసుకుని "నాకింతే చాలమ్మా" అనే బామ్మగారి పళ్లెంలో ఈ లెక్క ఎలాగూ తేలదు. పళ్లు లేక, ఆకలి లేక తినరు. మెత్తగా ఉడికిన పెసరపప్పు, పెరుగు, గుడ్డు పొరటు లాంటివి మూడు పూటలా పంచి పెట్టాలి.

పడక గురించి మొదట్లో చెప్పిన లెక్క ఇరవయ్యేళ్లవాళ్లది. అరవై ఏడేళ్ల సగటు వయసున్న ఆరోగ్యవంతుల్ని 2007లో పది రోజులు పడుకోబెట్టి చూస్తే, ఒక్క కాళ్లలోనే దాదాపు ఒక కిలో కండ కరిగింది. డెంగ్యూకో, కంటి ఆపరేషన్‌కో "పెద్దవాళ్లు, కదలనివ్వకండి" అని చుట్టాలు ఇచ్చే సలహా ఎంత ఖరీదైందో దీన్నిబట్టి అంచనా వేసుకోవచ్చు. జ్వరం దిగగానే, డాక్టరు ఒప్పుకోగానే, మంచం పక్కనైనా నిలబెట్టాలి.

బోస్టన్ వృద్ధుల కథలో ఒక ముక్క మిగిలింది. ప్రయోగం ముగిశాక నాలుగు వారాలు కసరత్తు ఆపేస్తే, వాళ్ల బలంలో 32 శాతం పోయింది. వచ్చినంత వేగంగానే పోతుంది. అయితే నిలబెట్టుకోవడానికి, సంపాదించడానికి పట్టినంత శ్రమ అక్కర్లేదు. 2011లో అచ్చయిన ఒక ప్రయోగంలో వారానికి మూడు రోజుల చొప్పున నాలుగు నెలలు బరువులెత్తినవాళ్లని, తర్వాత ఎనిమిది నెలలపాటు వారానికి ఒక్కరోజే ఎత్తమన్నారు. ఇరవై, ముప్పైల్లో ఉన్నవాళ్లకి పెరిగిన కండా నిలిచింది, బలమూ నిలిచింది. అరవై నుంచి డెబ్భై అయిదేళ్ల మధ్యవాళ్లకి కండ కొంత తగ్గింది. బలం మాత్రం ఆ ఒక్కరోజు కసరత్తుతోనే చాలావరకు నిలబడింది.